పాలపొడి డబ్బాలో మట్టి

మహిళా సంఘం హాల్లో ఉన్న ఆ బొమ్మకు నేను మొదట పూసిన మట్టి దొంగమట్టి. ఈ మాట ఇప్పటికి చాలామందికి చెప్పాను. విన్నవాళ్ళు నవ్వుతారు, మట్టిలో దొంగేమిటి దొరేమిటి అంటారు. ఆ మట్టి మూలంగా ఒక మనిషి చెమటోడ్చి పెంచుకున్న కాఫీ తోట చేజారిపోవలసింది. పోయి ఉంటే దానికి కారణం నేనే.

తొంభైల మధ్యలో డుంబ్రిగుడ దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు డ్రాయింగ్ టీచరుగా వచ్చాను. మాది విజయనగరం పక్కన పల్లె. ఏజెన్సీకి వేశారనగానే మావాళ్ళు చావుకబురు విన్నట్టు మొహాలు పెట్టారు. చలన్నారు, జ్వరాలన్నారు, వెళ్ళొద్దన్నారు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. వద్దన్నారు కాబట్టే పెట్టె సర్దుకుని కిరండోల్ పాసింజరెక్కాను. మొదటి చలికాలం రెండు దుప్పట్లు కప్పుకుని ఏడ్చిన మాట నిజమే గానీ, ఆ సంగతి ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఎక్కడా రాయలేదు.

బడిలో వంట చేసే ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. పక్క కొండ మీది గూడెం మనిషి. మా వైపు అక్కను అప్ప అంటాం, ఆమెనూ అలాగే పిలిచాను. ఆమె నన్ను టీచరమ్మా అని పిలిచి, వెంటనే నువ్వు అనేది. హెడ్మిస్ట్రెస్సు గారినీ నువ్వే, తనిఖీకి వచ్చిన ఆఫీసరునూ నువ్వే. కొత్తలో నాకు చురుక్కుమంది. కొన్నాళ్ళకు ఎవరైనా ఆమెను మీరు అంటేనే నాకు నవ్వొచ్చే స్థితికి వచ్చాను.

గూడెం పైన కొండవాలులో అప్పకు కాఫీ తోట ఉంది. ఒకప్పుడు అది పోడు. ఆమే, ఆమె పెనిమిటీ తుప్పలు కొట్టి, మోళ్ళు కాల్చి, నాలుగైదేళ్ళు చోళ్ళు, అంటే రాగులు, చల్లారు. తర్వాత ప్రభుత్వ ఆఫీసువాళ్ళు కాఫీ మొక్కలిస్తే గంపలకెత్తి నెత్తిన మోసింది అప్పే. నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి మిరియాల తీగలు. మొక్కలు మొదటి పూత పూసిన ఏడు పెనిమిటి జ్వరంతో పోయాడు. చనిపోయిన ఏడాదికే మరిది తగువు మొదలుపెట్టాడు. ఆ వాలు తన తండ్రి నాటి నుంచీ తమ ఇంటిదనీ, వదినకున్నది ఒక్క ఆడపిల్లేననీ, ఆ పిల్ల పెళ్ళయి వేరే ఇంటికి పోతే తోట కూడా పరాయివాళ్ళకు పోతుందనీ అతని వాదన. కాగితమంటూ ఎవరి పేరా లేదు. గూడెం పెద్దలు ఏం తేలిస్తే అదే.

ఆ ఆడపిల్ల మా బడిలోనే ఎనిమిదో తరగతి. బొమ్మలు వేయడం బొత్తిగా రాదు గానీ లెక్కలు బాగా చేసేది. అప్ప ఆశంతా ఆ పిల్ల మీదా, ఆ తోట మీదా. వంటింట్లో పప్పు కలుపుతూ కూడా తోట సంగతే చెప్పేది. ఏ మొక్కకు తెగులు పట్టింది, ఏ చెట్టు మీద తేనెపట్టు పెట్టింది, ఎక్కడ అడవిపంది తవ్వింది, అన్నీ నాకు తెలుసు. అప్పటికి నేనా తోటను ఒక్కసారీ చూడలేదు. చూస్తానంటే రమ్మనేది. వస్తానని, ఆదివారం వచ్చేసరికి దారిలో గెడ్డ అనే వాగు దాటాలని, జలగలని ఏదో వంక పెట్టేదాన్ని.

రెండువేలు దాటిన కొత్తలో మహిళా సంఘానికి హాలు కట్టారు. కొత్త గోడ మీద ఒక పెద్ద బొమ్మ ఉండాలని దాన్ని కట్టించిన ఆఫీసరు గారు ముచ్చటపడ్డారు. సాధికారత సాధించిన గిరిజన మహిళ బొమ్మ కావాలన్నారు. నమూనాగా ఒక క్యాలెండరు కాగితం కూడా ఇచ్చారు. అందులో ఒక ఆవిడ పట్టుచీర కట్టి, నగలు పెట్టి, ఒక చేతిలో కొడవలి, ఒక చేతిలో కంప్యూటరు పట్టుకుని, కాలి కింద నిగనిగలాడే పచ్చగడ్డి మీద నిలబడి నవ్వుతోంది. ఆ కొడవలితో ఆ పట్టుచీరలో కోతకెళ్తే ఆమె గతేమిటో నాకు అర్థం కాలేదు. బొమ్మ నేనే వేస్తాను గానీ నా పద్ధతిలో వేస్తాను అని చెప్పాను. సరే, అందంగా మాత్రం ఉండాలి అన్నారు.

నా పద్ధతంటే విశాఖలో చదివినప్పుడు నేర్చుకున్నది. రంగుతో పాటు గుడ్డ, గోనె, ఆకు, మట్టి, ఏది దొరికితే అది బోర్డుకు అతికించి బొమ్మ కట్టడం. దాన్ని మిక్స్‌డ్ మీడియా అంటారు. ఆరడుగుల ప్లైవుడ్ బోర్డు ఒకటి అరకు నుంచి జీపు మీద తెప్పించి బడి వెనక వరండాలో నిలబెట్టాను. బొమ్మకు ఎదురుగా నిలబడాల్సిన మనిషి ఎవరన్నది ఆలోచించక్కర్లేకపోయింది. పిల్లల భోజనాలయ్యాక అప్పను పిలిచాను.

ఆమె ఎందుకూ ఏమిటీ అని అడగలేదు. చేతులు తుడుచుకుని వచ్చి నిలబడింది. నేను బొగ్గుతో గీత గీశాను. అలవాటు కొద్దీ చీరకు కుచ్చిళ్ళు పెట్టి, పవిట జార్చి, పాదాల దాకా అంచు దించాను. ఆమె పక్కకు వచ్చి చూసింది.

"ఏటి టీచరమ్మా, ఇలాగ కట్టుకుంటే కొండెలాగ ఎక్కుతాను? రెండడుగులేసి బోర్లా పడతాను."

ఆమె కట్టుకునేది మోకాళ్ళు దాటని కోక. భుజం మీద ముడి. రోజూ కళ్ళెదుట ఉన్న మనిషిని చూడకుండా చెయ్యి చదువుకున్నదే గీసేసింది. చెరిపాను. మోకాలు కిందికి కాలు గీశాను, పిక్క గట్టిగా గీశాను, పచ్చబొట్టున్న ముంజేయి గీశాను. ఆ చేతిలో ఏం పెట్టాలని అడిగితే ఏమీ వద్దంది. రోజూ ఏదో ఒకటి పట్టుకునే ఉంటానుగా, బొమ్మలోనైనా ఖాళీగా ఉండనీ అంది. ఆ మాటకు నాకు ముచ్చటేసింది. రెండు చేతులూ ఖాళీగా, నడుం మీద ఒకటి, పక్కన ఒకటి. దారికి అడ్డంగా నిలబడి, ఎవరొస్తారో రమ్మన్నట్టు ఉంది.

మరునాటి నుంచి ఆమే సామాన్లు తేవడం మొదలుపెట్టింది. చినిగిన కాఫీ గోనె, తన పాత కోక ముక్క, పుల్లలతో కుట్టిన అడ్డాకుల విస్తళ్ళు, సిల్వర్ ఓక్ బెరడు. ఒకరోజు బడి స్టోరులో ఖాళీ అయిన పాలపొడి డబ్బా నిండా మట్టి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది నా తోట మన్ను. బొమ్మ వొంటికి ఇదే పుయ్యి. ఆ హాలుకి పెద్దలంతా వొత్తారు గదా, నా మన్ను వాళ్ళని సూస్తా ఉంటాది."

ఆమె ఆ బొమ్మకు ఎందుకు నిలబడిందో నాకప్పుడు అర్థమైంది. అలాగే రాస్తానని మాటిచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను.

మట్టి మాత్రం మాట వినలేదు. నల్లగా, జిగట లేకుండా, మధ్యలో చిన్న చిన్న బొగ్గు పలుకులు. తెల్లజిగురులో కలిపి ముంజేతి మీద రాస్తే ఆరేసరికి బూడిద రంగుకు తిరిగి, పగుళ్ళిచ్చింది. జల్లెడ పట్టాను. బొగ్గు నలిగి ఇంకా నల్లబడింది. మూడు రోజులు దానితో కుస్తీ పట్టాను. ప్రారంభోత్సవానికి వారమే ఉంది. ఆఫీసరు గారు అందంగా ఉండాలన్న మాట ఒకవైపు, నా బొమ్మను నలుగురూ మెచ్చుకోవాలన్న దుగ్ధ ఒకవైపు. అబద్ధమెందుకు, రెండోదే ఎక్కువ.

శనివారం బస్సులో అనంతగిరి వైపు వెళ్ళి, ఘాటు రోడ్డు కోసిన చోట గట్టు నుంచి ఎర్రమట్టి సంచీ నిండా తవ్వుకొచ్చాను. ఆ మట్టి జిగురులో వెన్నలా కలిసింది. ముఖానికీ చేతులకూ కాళ్ళకూ పూస్తే రాగిచెంబు తోమినట్టు మెరిసింది. మట్టి మట్టే కదా, ఈ కొండలదే కదా అనుకున్నాను. పాలపొడి డబ్బాకు మూత పెట్టి నా గదిలో అలమరా మీద పెట్టాను. పారేయడానికి మనసొప్పలేదు, ఎందుకొప్పలేదో అప్పుడు ఆలోచించలేదు.

బొమ్మ పూర్తయ్యాక అప్ప చాలాసేపు చూసింది. నేను ఇంత ఎర్రగా ఉంటానా అని అడిగింది. జిగురులో కలిపితే రంగు తేలుతుందని చెప్పాను. పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది.

ప్రారంభోత్సవం రోజు నన్ను మైకు దగ్గరకు పిలిచారు. చప్పట్లకు ఒళ్ళు తెలియలేదు. ఈ బొమ్మలో ఉన్నది మామూలు రంగు కాదు, ఈ తల్లి తన చేతులతో సాగు చేసిన తోట మట్టి అని చెప్పాను. హాలంతా మళ్ళీ చప్పట్లు. వెనక వరసలో అప్ప తలెత్తి కూర్చుంది. నాలుగు వరసల ముందు ఆమె మరిది కూర్చుని ఉన్నాడు. అతనూ చప్పట్లు కొట్టాడు.

వానాకాలం వచ్చేసరికి తగువు ముదిరింది. ఆ ఏడు చెట్లు విరగకాశాయి, అందుకే ముదిరింది. ఈసారి పళ్ళు కోసేది తానేనని మరిది సంతలో అందరి ముందూ అన్నాడు. పెద్దలు రెండుసార్లు కూర్చుని తేల్చలేక లేచారు. ఇక మిగిలింది ఒట్టే.

అక్కడి ఒట్టు దేవుడి పటం ముందు వేసేది కాదు. తగువున్న భూమి దగ్గరకే వెళ్ళి, అందులోంచి మట్టి తీసి, నెత్తిన పెట్టుకుని, చిటికెడు నాలుక మీద వేసుకుని, ఇది నాది అనాలి. అబద్ధం చెప్పిన వాణ్ణి ఏడాది తిరక్కుండా ఆ మట్టే తింటుందని నమ్మకం. అందుకే ఒట్టు దాకా వచ్చే తగువులు తక్కువ. వచ్చాక వెనక్కి తగ్గేవాళ్ళే ఎక్కువ.

ఆ రోజు పొద్దుట్నుంచి కుండపోత. పెద్దలు మామూలుగా కూర్చునే బండల మీద కూర్చోలేక మహిళా సంఘం హాల్లో చేరారు. తీర్పు కాగితం మీద రాయడానికి నన్ను పిలిచారు. కాగితం, పెన్ను పట్టుకుని గోడవార కూర్చున్నాను. తోటకు వెళ్దామంటే గెడ్డ పొంగుతోంది. ముగ్గురు పెద్దల్లో ఇద్దరికి కర్ర లేకుండా అడుగు పడదు. మళ్ళీ వాయిదా వేద్దామని ఒకరన్నారు. అప్పుడు మరిది లేచాడు.

తోట దాకా ఎందుకు, తోట మట్టి ఇక్కడే ఉంది కదా అన్నాడు. గోడ మీది బొమ్మ చూపించాడు. మైకులో టీచరమ్మే చెప్పింది, ఊరంతా విన్నది అన్నాడు. బొమ్మ మీది మట్టికి అంత పట్టు ఉండదని అనుకున్నాడో, లేక ఆ తోట నిజంగానే తమ ఇంటిదని నమ్మాడో నాకు తెలియదు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరకు నా వైపు చూశారు.

నేను అప్పుడే చెప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, తల ఊపానో ఊపలేదో కూడా తెలియకుండా ఊపాను. హాలంతా జనం. అందరి ముందూ కొట్టించుకున్న చప్పట్లు అందరి ముందూ తిరిగి ఇచ్చేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

మరిది బొమ్మ దగ్గరకు వెళ్ళాడు. బొమ్మ కాలి దగ్గర గోటితో గీకితే ఎర్రటి పెచ్చు ఊడి వచ్చింది. నెత్తిన పెట్టుకున్నాడు. చిటికెడు నోట్లో వేసుకున్నాడు. ఇది మా తాతతండ్రుల మట్టి, నా మట్టి అని గట్టిగా చెప్పి పక్కకు వచ్చాడు. ఆ గొంతులో వణుకు లేదు.

అప్ప లేచింది. తన బొమ్మ ఎదురుగా తానే నిలబడింది. భుజం మీద అదే ముడి, వానకు తడిసి ఉంది. చెయ్యి చాపి అదే చోట పెచ్చు తీసింది. అరచేతిలో నలిపింది, వాసన చూసింది. నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. నేను ఆమె దవడ వైపే చూస్తున్నాను. ఆమె నా మాట నమ్మి ఇది నాది అంటే, తనది కాని మట్టి మీద అబద్ధపు ఒట్టు వేసినట్టే. అది ఆమె నమ్మే లోకంలో చావుతో సమానం. ఆ చావుకు మందు కలిపింది నేను.

ఆమె మట్టి ఉమ్మేసింది.

"ఇది నా మన్ను కాదు. దీని మీద నాను ఒట్టెయ్యను."

హాలంతా గుసగుసలు. మరిది నవ్వాడు. చూశారా, ఒట్టు దగ్గరకొచ్చేసరికి భయపడింది అన్నాడు. వెనక నుంచి ఇంకెవరో అవునన్నారు. పెద్దల్లో ఒకాయన, భయమైతే భయమని చెప్పు, తోట వదిలెయ్యి అని ఆమెతోనే మెల్లగా అన్నాడు. అప్ప నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అడుగుతోంది, అంతే.

కాగితం పక్కన పెట్టి లేచాను. ఆ మట్టి తోటది కాదని, అనంతగిరి ఘాటులో రోడ్డు కోసిన చోట తవ్విందని, ఆమె ఇచ్చిన మట్టి నల్లగా ఉందని వాడలేదని, మైకులో చెప్పింది అబద్ధమని చెప్పాను. చెప్పడం మొదలయ్యాక ఆగలేదు. అందంగా ఉండాలనే చేశానని కూడా చెప్పాను, సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా అమ్మ ఎప్పుడూ అనేది. ఊరందరి ముందు కాలు కడుక్కుంటే గానీ ఆ మాట నాకెక్కలేదు.

అసలు మట్టి ఎక్కడుందని పెద్దల్లోకెల్లా పెద్దాయన అడిగాడు. నా గదిలో ఉందన్నాను. బేగి తెమ్మన్నాడు. గొడుగు కూడా తీసుకోకుండా బడి దాకా పరుగెత్తాను. ఆ దారిలో నేను అంతకు ముందూ పరుగెత్తలేదు, ఆ తర్వాతా లేదు. పాలపొడి డబ్బా పవిట కింద దాచుకుని తిరిగి వచ్చేసరికి ఎవరూ కదల్లేదు. అప్ప ఇంకా బొమ్మ ముందే నిలబడి ఉంది.

మట్టి ఆరి గడ్డకట్టింది. ఆమె చూరు నీళ్ళు దోసిట్లో పట్టి దాని మీద చల్లి, రెండు వేళ్ళతో చిదిమింది. బొగ్గు పలుకు ఒకటి తీసి పెద్దలకు చూపించింది. పదేళ్ళ కిందట తానూ పెనిమిటీ కలిసి కాల్చిన మోడు అది అని చెప్పింది. పైన ఎక్కడుండేది, ఎన్నాళ్ళు కాలింది, మంట పక్కకు పాకితే ఆయన ఎలా తడికొమ్మలతో కొట్టాడు, అన్నీ వంటింట్లో చెప్పినట్టే నింపాదిగా చెప్పింది. తర్వాత మట్టి నెత్తిన పెట్టుకుంది. నాలుక మీద వేసుకుంది. ఈసారి నమిలింది. బొగ్గు పళ్ళ కింద కరకరలాడడం నాకు వినపడింది.

"ఇది నాది. నాను కాల్సినాను, నాను నాటినాను. నా తరవాత నా కూతురు గుంటది."

డబ్బా మరిది ముందుకు చాపింది. తీసుకో అన్నట్టు. అతను చెయ్యి ఎత్తలేదు. తాను ఒకసారి ఒట్టు వేసేశానని గొణిగాడు.

"ఏ మన్ను మీద ఏసినావురా?" అని పెద్దాయన అడిగాడు. "రోడ్డు మన్ను నోట్లో ఎట్టుకుని మా తాతది అన్నావు. ఆ యమ్మికి నాలిక మీద తెలిసింది, నీకు తెలీలేదు."

తోట అప్పదనీ, ఆమె తర్వాత కూతురిదనీ తీర్పు చెప్పారు, నేను రాశాను. తోట గట్టు మీది పనసచెట్టు మాత్రం మరిదికి వదిలేశారు. ఆ చెట్టు గురించి వాళ్ళిద్దరూ ఆ తర్వాత కూడా ఏటా పోట్లాడుకున్నారు. లేచి వెళ్ళేటప్పుడు పెద్దాయన నా దగ్గర ఆగి, బొమ్మలో మట్టి మారిస్తే బొమ్మ మారుతుంది గానీ, ఒట్టులో మారితే మనిషి పోతుంది అని తన మాటల్లో చెప్పి, కర్ర పొడుచుకుంటూ వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా బడిలో ఎవరి మొహమూ చూడలేకపోయాను. అప్ప మామూలుగానే నాకు అన్నం వడ్డించింది. అదే ఎక్కువ బాధ పెట్టింది. రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను, బొమ్మ చూసిన రోజే అనుమానం రాలేదా అని. వచ్చిందట. కానీ నేను చదువుకున్నదాన్ని కాబట్టి, మట్టిని ఉడకబెడితే ఎరుపొస్తుందేమో అనుకుందట. నా చదువు మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి అంతకు ముందూ లేరు, ఆ తర్వాతా లేరు.

మరుసటి ఆదివారం బ్లేడు పట్టుకుని హాలుకు వెళ్ళి ఎర్రమట్టంతా గీకేశాను. ముఖం పోయింది, చేతులు పోయాయి, కాళ్ళు పోయాయి. గోనె, కోక, భుజం మీద ముడి మిగిలాయి. మళ్ళీ మంచి మట్టి ఇమ్మని అప్పను అడిగాను. ఇవ్వనంది.

"నా మన్ను ఏదో నీకు తెలిసిందాకా ఇవ్వను. కొండెక్కి రా, సూడు. అప్పుడు ఇత్తాను."

రోషం వచ్చింది. అది నా మీద నాకే వచ్చిన రోషం. ఆ పై ఆదివారం గెడ్డ దాటాను. జలగలు పట్టాయి, పీకి పారేశాను. ఆ తర్వాత ఒక్క ఆదివారం మానలేదు. చీర మోకాళ్ళ పైకి దోపుకుని కలుపు తీశాను, మిరియాల తీగలు కట్టాను. గుణపంతో నీటికాలువ తవ్వితే అరచేతులు బొబ్బలెక్కి సోమవారం సుద్దముక్క పట్టుకోలేకపోయేదాన్ని. అప్ప జాలి పడేది కాదు. తవ్వినప్పుడల్లా ఒక పిడికెడు తీసి నా చేతిలో పెట్టేది. తోట కింది అంచున మట్టి వేరు, పై అంచున వేరు. మోడు కాలిన చోట బొగ్గు పలుకులు, పందులు పొర్లిన చోట పులుపు. మొదట్లో నాకన్నీ ఒకటే. నాలుక మీద వేసుకుని ఉమ్మేసేదాన్ని. ఆమె నవ్వేది.

ఆ నెలలన్నీ హాల్లో బొమ్మ అలాగే ఉంది. ముఖం లేని మనిషి కింద కూర్చుని సంఘం ఆడవాళ్ళు మీటింగులు పెట్టుకున్నారు. ఆఫీసరు గారు వచ్చినప్పుడు ఇదేమిటని అడిగారు. మట్టి ఇంకా రాలేదన్నాను. మట్టి కరువా ఏజెన్సీలో, లారీ పంపమంటే పంపిస్తానన్నారు. లారీతో వచ్చే మట్టి కాదండీ అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి వెళ్ళిపోయారు. ఇదివరకటి నేనైతే ఆ చూపుకే కంగారుపడి ఏదో ఒకటి పూసేసేదాన్ని.

కాఫీ పళ్ళు ఎర్రబడి కోతలు మొదలయ్యాయి. అప్ప, కూతురు, నేను, గూడెం ఆడవాళ్ళు ఇద్దరు కోశాం. మరిది పనసచెట్టు కింద నిలబడి చూశాడు, తోటలోకి రాలేదు. కోతలు అయిపోయిన రోజు మధ్యాహ్నం అప్ప అడ్డాకు దొప్పలు మూడు తెచ్చి నా ముందు వరసగా పెట్టింది. మూడింట్లోనూ తడిపిన నల్లటి మట్టి. చూడటానికి మూడూ ఒకటే. ఒకటి తనది, ఒకటి పక్క తోటది, ఒకటి గెడ్డ ఒడ్డుది. ఏది ఏదో చెప్పలేదు. ఒక చెయ్యి నడుం మీద పెట్టి ఎదురుగా నిలబడింది. బొమ్మలో నిలబెట్టింది నేనే గానీ, ఆ నిలబడడం అంత గట్టిదని అప్పుడు తెలిసింది.

మొదటి దొప్పలోంచి చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. మెత్తగా జారింది, కాదన్నాను. రెండోది నమిలాను. ఇసుక తగిలింది గానీ అదీ కాదనిపించింది. కానీ నమ్మకం లేదు. మూడో దొప్పలోది వేసుకుని కళ్ళు మూసుకుని నమిలాను. పళ్ళ కింద బొగ్గు కరకరలాడింది. ఎప్పుడో, నేనీ కొండలకు రాకముందు, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి కాల్చిన మోడు అది. నాకు ఏడుపొచ్చింది. ఉమ్మలేదు, మింగాను.

"ఇది నీది అప్పా" అన్నాను.

గంపెడు మట్టి నెత్తికెత్తుకుని నాకంటే ముందే కొండ దిగింది. హాల్లో నా తెల్లజిగురు సీసా పక్కకు నెట్టేసి, ఇంటి గోడ మెత్తడానికి కలిపినట్టు పేడా, చోడిగంజీ పోసి మట్టి పిసికింది. ఒక ముద్ద తీసి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు ఎయ్యి" అంది.